మబ్బుకు పెట్టిన టెస్ట్ ల్యాంపు

"చిన్న సంగతే," అన్నాడు వోల్టు మావయ్య.

ఆయన చిన్న సంగతే అన్నాడంటే టీకొట్టు బల్ల మీదివాళ్ళు కాళ్ళు జాపుకుని కూర్చుంటారు. అది ఎంత దూరం పోతుందో వినేవాళ్ళకి తెలీదు, చెప్పే ఆయనకీ తెలీదు.

ఆ మధ్యాహ్నం బల్లకి ఒక చివర బట్టలు కుట్టే ఆవిడ, రెండో చివర ఆమె కూతురు. మధ్యలో తుక్కు వ్యాపారి. ఎదురుగా మావయ్య మెకానిక్ షెడ్డులో, బానెట్టు ఎత్తి, ఆ తల్లీకూతుళ్ళ పాత కారు.

నాలుగు రోజుల కిందట, మసక వేళ, కొండ దిగుతుంటే మలుపులో కారు దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఇంజనూ ఆగిపోయింది. చప్పుడు లేకుండా కారు జారుతుంటే కూతురు స్టీరింగు తిప్పి, రోడ్డు పక్క రాతిగోడకి రాసుకుంటూ ఆపింది. పక్కసీట్లో తల్లి. అప్పట్నించి ఆవిడ సూదిలో దారం ఎక్కించలేకపోతోంది.

కారు వాళ్ళాయనది. ఆయన పోయాక కూతురు దానికి రంగు వేయించి, బట్టల షాపులో ఉద్యోగం మానేసి, పెళ్ళిళ్ళకీ ఫొటోలకీ తిప్పుతోంది. మావయ్య మూడు రోజులు చూసి ఆ పొద్దున తేల్చేశాడు. ఎక్కడా కరెంటు లేదు, లోపల వైరింగంతా కాలిపోయింది, ఇక దీని మీద ఆశ వదులుకోండి అని. తల్లి వెంటనే తుక్కు వ్యాపారికి కబురు పెట్టింది. కూతురు లేచి పోయి బల్లకి ఆ చివర కూర్చుంది.

వ్యాపారి లారీ రావడానికి గంట పడుతుంది. ఆ గంట గడవాలి కదా.

"దీన్ని చూశారా?" మావయ్య జేబులోంచి తన టెస్ట్ ల్యాంపు తీశాడు. ఓ స్కూటరు బల్బు, దానికి రెండు వైర్లు. ఒకదాని చివర పళ్ళ క్లిప్పు, రెండోదాని చివర గోనెసంచులు కుట్టే దబ్బనం. "క్లిప్పు కారు బాడీకి పట్టించి, దబ్బనంతో వైరు గుచ్చితే, కరెంటుంటే వెలుగుతుంది, లేకపోతే లేదు. పెద్ద షెడ్లవాళ్ళు మీటర్లు గాజు పెట్టెల్లో దాచుకుంటారు. నాకిది చాలు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డాక్టరుగారి కారు చెరువు పక్కన ఆగిపోయింది, ఈ కారుకి అక్క వరస అవుతుంది అది. ఆయన కాన్పుకి పోతున్నాడు. ల్యాంపు పెట్టి చూశా. మూడో వైరు దగ్గర వెలిగింది, నాలుగో దాని దగ్గర లేదు. కలిపి చుట్టా. కదిలింది. ఇందులో గొప్పేముంది?"

"ఏం లేదు," అన్నాడు తుక్కు వ్యాపారి.

"ఆ తర్వాత ఏమైందో అడగవేం?"

"అడక్కపోతే చెప్పడం మానేస్తావా," అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"వెలుగు రంగు చూసి వోల్టులు చెప్తానని డాక్టరుగారికి ఎవరో చెప్పారు. నన్ను కూడా కారెక్కించుకున్నాడు. నేను నాలుగుంపావు అంటే మీటరు నాలుగున్నర చూపిస్తే, మీటరు చేసినవాళ్ళే వచ్చి మీటరుని దిద్దుకుని పోయిన రోజులవి. సరే, కారు లోయలోకి దిగింది. పొగమంచు. దారి లేదు, కొండ లేదు, మనం ఉన్నామో లేదో తెలీదు. నేను దబ్బనం ఊరికే కిటికీలోంచి బయట పెట్టా. ఏ వైరుకీ తగల్లేదు, పొగమంచుకి గుచ్చుకుంది. వెలిగింది."

"పొగమంచులో కరెంటేమిటి మావయ్యా?" అన్నాడు టీకొట్టాయన.

"కరెంటు కాదు, వెలుతురు. ఆ దారిన యాభై ఏళ్ళుగా పోయిన కార్లన్నీ ముందుకి పారేసిన వెలుతురు ఎక్కడికి పోతుందనుకున్నావు? మంచులోకే. పాత దీపాలు కదా, మెత్తటి వెలుతురు, కిందికి దిగి తేనెలా పేరుకుపోయింది. నేను గుచ్చేసరికి ధార కట్టింది. లోయ నిండింది. ఆ వెలుతురులో చూద్దును కదా, యాభై ఏళ్ళ కార్లు, ఒకదాని వెనక ఒకటి, డ్రైవర్లు లేకుండా, ఇంజన్లు ఆపేసుకుని, చప్పుడు చెయ్యకుండా జారుతున్నాయి. ఒక్కటీ ఇంకోదానికి తగల్లేదు. నిద్రలో పిల్లలు పక్కకి దొర్లినట్టు మలుపులు తిరిగాయి."

తల్లి కళ్ళు మూసుకుంది. చప్పుడు లేకుండా జారే కారు ఆమెకి తెలుసు. కాని ఈ లోయలో రాతిగోడ లేదు. కూతురి వేళ్ళు స్టీరింగు మీద తెల్లగా బిగుసుకుని లేవు. ఆ వెలుతురులో కాసేపు ఉండిపోవాలనిపించింది.

"పట్టుకో చెల్లెమ్మా, ఇంకా వెచ్చగా ఉంటుంది," అంటూ మావయ్య ల్యాంపు ఆమె చేతిలో పెట్టాడు.

అలవాటు కొద్దీ ఆవిడ దాన్ని వెలుతురుకేసి ఎత్తి చూసింది, సూది కన్ను చూసినట్టు. బల్బు లోపల వెంట్రుకంత తీగ. మధ్యలో తెగి ఉంది. ఒక కొస వేలాడుతూ, కదిలించినప్పుడల్లా ఊగుతోంది.

తెగిన దారాన్ని గుర్తుపట్టడం కుట్టుపని చేసేవాళ్ళకి ఒకరు నేర్పాలా. మూడు రోజులూ ఇది దేనికి పెట్టినా వెలిగి ఉండదు. వైర్లు కాలిపోయి ఉండకపోవచ్చు. కారు బాగానే ఉండొచ్చు.

బాగుంటే కూతురు మళ్ళీ దాంట్లో కొండెక్కుతుంది.

ఆవిడ ల్యాంపు ఒళ్ళో పెట్టుకుని పైట కొంగు కప్పింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు మావయ్య.

"డాక్టరు కాన్పుకి చేరాడా లేదా, అది చెప్పు ముందు," అన్నాడు తుక్కు వ్యాపారి.

"ఆగవయ్యా, పిల్ల పుట్టడానికి ఇంకా టైముంది. లోయ దాటాక ఒక మబ్బు. ఎనిమిది రోజులుగా అక్కడే వేలాడుతోందట, ఉరమదు, కురవదు. డాక్టరుగారు నాకేసి చూశాడు. నేను కారు టాపెక్కా. క్లిప్పు కారుకి పట్టించి, దబ్బనం మబ్బుకి పెట్టా. రెండు లక్షల పదకొండు వోల్టులు."

"ఆ పదకొండెందుకు?" అన్నాడు తుక్కు వ్యాపారి.

"ఉన్నదే చెప్తున్నా, నేను కలిపి చెప్పను. కరెంటుకేం లోటు లేదు. మరి వాన ఎందుకు పడట్లేదు? ఎర్త్ లూజు. మబ్బు అంచు పట్టుకుని లాగి బంపరుకి కట్టా. మూరెడు తీగ పట్టింది. అంతే, దిగింది వాన. దూది రాలినట్టు, చప్పుడే లేదు. ఆ కారు ఆ తర్వాత ఆరేళ్ళు బ్యాటరీ లేకుండా తిరిగింది. పైకి చూస్తే చంద్రుడు సగమే వెలుగుతున్నాడు."

"అదీ నువ్వే బాగుచేశావా?"

"పెట్టి చూశా. లోపమేం లేదు. డిమ్ములో పెట్టారంతే."

టీకొట్టాయన నవ్వాడు. తుక్కు వ్యాపారీ నవ్వాడు. వీధి చివర లారీ హారను వినబడింది.

కూతురు లేచి షెడ్డులోకి వెళ్ళింది. కారు అద్దం మీద దుమ్ము ఉంది. చున్నీ కొసతో తుడవడం మొదలుపెట్టింది. ఒక మూల నుంచి ఇంకో మూలకి, రేపు ఎవరో ఫొటో తీస్తారన్నట్టు, తీరిగ్గా.

తల్లి చూస్తూ కూర్చుంది. లారీ మలుపు తిరిగింది.

"అన్నయ్యా," అంది, కొంగు కింది ల్యాంపు తీసి ఇస్తూ. "ఇది ఒక్కసారి బ్యాటరీకి పెట్టి చూడు."

"బ్యాటరీ కొత్తది చెల్లెమ్మా. దానికెందుకు?"

"కొత్తదే. అందుకే పెట్టు."

మావయ్య లేచాడు. క్లిప్పు ఒకవైపు, దబ్బనం ఒకవైపు. బల్బు వెలగలేదు. దబ్బనం గీకి పెట్టాడు. వెలగలేదు. వెలుతురుకేసి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ముందు ల్యాంపుని బ్యాటరీ మీద పరీక్ష చేసుకోవాలని, నీ షెడ్డులో పనిచేసినప్పుడు నాకు నేర్పింది నువ్వేగా మావయ్యా," అన్నాడు టీకొట్టాయన.

"మబ్బు దగ్గరే పోయుంటుంది," అన్నాడు మావయ్య మెల్లగా. "రెండు లక్షలంటే మాటలా."

"అంటే అప్పట్నించి నువ్వు కరెంటు లేదని తుక్కుకి పంపిన బళ్ళన్నీ..." అన్నాడు టీకొట్టాయన.

మావయ్య పోయిన బల్బు ఊడదీశాడు. తుక్కు వ్యాపారి టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

టీకొట్టాయన తన మోపెడ్ బల్బు ఊడదీసి ఇచ్చాడు. బ్యాటరీ దగ్గర వెలిగింది. పెద్ద వైరు వెంట మావయ్య దబ్బనం కదిపాడు. ఒక జాయింటుకి ఇవతల వెలిగింది, అవతల లేదు. మధ్యలో ఆకుపచ్చగా చిలుము. గీకి, బిగించాడు. కూతురు స్విచ్చి నొక్కింది. ఎండలో రెండు దీపాలు పలచగా వెలిగాయి.

"ఇంకోసారి ఊడకుండా చెయ్యి అన్నయ్యా," అంది తల్లి.

"వైరు మొత్తం మారుస్తా. మార్చాకే తాళం ఇస్తా," అన్నాడు. ఈసారి ఆయన మాటల్లో కోతలు లేవు.

లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది. కూతురు వచ్చి బల్ల మీద కూర్చుంది, ఈసారి తల్లి ఉన్న చివర.

"ఆ బల్బు పోయిందని ఎప్పుడు చూశావమ్మా?"

"పొగమంచు దగ్గర."

కూతురు కాసేపు లెక్క కట్టుకుంది. పొగమంచు, మబ్బు, వాన, చంద్రుడు. "మరి అంతసేపు ఊరుకున్నావా?"

"అంతసేపే ఊరుకోగలిగాను," అంది తల్లి.