వసారాలో మంత్రి తల్లి

కొత్త ఆంధ్ర రాష్ట్రంలో మంత్రి అయ్యాక కొడుకు మొదటిసారి పులివెందుల ఇంటికి వచ్చాడు. అతనికి గడ్డం గీయడానికి మంగలి ఓబులేసు వసారాలో కత్తి నూరుతుంటే, మంత్రి తల్లి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏందమ్మా, అట్ల చూస్తాండారు?"

"నీ చేతినే చూస్తాండా."

"మీ కొడుక్కి పుట్టెంటికలు తీసిందీ నేనే కదమ్మా!"

"అప్పుడు వాళ్ల నాయన బతికి ఉన్యాడు."

"మీరు రెప్ప గూడా వెయ్యకుండా చూస్తాంటే నాకు చెయ్యి వణుకుతాంది. గొంతు కాడ కత్తి జారితే మీ మనుషులు నన్ను బతకనిస్తారా? లోపలికి పోండమ్మా."

"పోను. వాళ్ల నాయనకు గడ్డం గీకేదానికి వచ్చి గొంతు కోసినోడు గూడా 'లోపలికి పోండమ్మా' అనే అన్యాడు ఓబులేసూ. నేను పోతి."