గుద్దిన గ్రహం ఏమైందమ్మా?

అమ్మలారా, అయ్యలారా, పనులు మానుకుని అక్క సంతాపసభకి వచ్చిన అందరికీ దండం. పూలదండ పట్టుకుని వచ్చిన డైరెక్టర్‌గారికి కూడా. సార్, మీరు ముందు వరసలోనే ఉండండి. నా మాటలు మీ కోసమే.

ఇరవై ఏళ్ళు ఈ నక్షత్రశాలలో, ఈ గుమ్మటం కింద, భూమి పుట్టిన కథ చెప్పింది అక్క. నేను ప్రొజెక్టర్ తిప్పేవాణ్ణి. "మొదట ఓ పెద్ద దుమ్ము మబ్బు. అది ముద్దకట్టే సూర్యుడు, భూమి, మనం, మన గొప్పలూ. కాబట్టి బట్టలు కాస్త మర్యాదగా దులుపుకోండి" అనేది. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఒకసారి ఆట మధ్యలో కరెంటు పోయింది. ప్రొజెక్టర్ లేదు, మైకు లేదు. డైరెక్టర్‌గారికి చెమటలు. అక్క ఆ చీకట్లోనే అందుకుంది. భూమి ఒళ్ళంతా కరిగిన రాయై కుతకుతలాడటం, చల్లారి పైన పెచ్చు కట్టడం, తెరిపి లేని వానలు, సముద్రం... ఒక్కరైనా లేచారా? ఒక్క కుర్చీ కిర్రుమందా? ఆ రోజు ఈ సంస్థ పరువు కాపాడింది ఎవరు? ఆ గొంతు.

ఆ గొంతుని ఏం చేశారు సార్? "ఎందుకైనా మంచిది, రికార్డు చేసి పెట్టుకుందాం" అన్నారు. పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండా జబ్బు చేసి అక్క గొంతు బొంగురుపోయింది. పొమ్మన్నారు. మనిషిని పొమ్మని గొంతుని అట్టేపెట్టుకున్నారు. పేరు తీసేసి రోజూ ఆటలు వేసుకున్నారు.

కిందటేడు అక్క ఇక్కడికి టికెట్ కొనుక్కుని వచ్చింది. అవును, కొనుక్కునే! వెనక వరసలో కూర్చుంది. అంగారకుడంత గ్రహం ఒకటి పసి భూమిని గుద్దటం, ఎగిరిన ముక్కలు చేరి చంద్రుడవటం, ఆ ఘట్టం నడుస్తోంది. చెప్పేది ఎదురుగా ఉన్న మనిషే అనుకుని ఓ తాతగారు "గుద్దిన గ్రహం ఏమైందమ్మా?" అని గట్టిగా అడిగారు. స్పీకరుకేం తెలుసు? దాని ధోరణిలో అది పోతోంది. అక్క లేచి, ఆ బొంగురు గొంతుతోనే చెప్పింది: "దాని ఆనవాలు కూడా మిగల్లేదు తాతా. దెబ్బ తిన్నదే నిలబడింది." ఆటలో మాట్లాడిందని బయటికి పంపించారు. పంపించింది మీరే సార్. పైన స్పీకర్లో మాట్లాడేది ఆమె, కింద గెంటించుకునేదీ ఆమే! మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు నేను మర్చిపోను. మిమ్మల్ని క్షమించను.

ఇందాక ఏమన్నారు? "ఆమె గొంతు ఇక్కడ ఎప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది" అన్నారు. వినిపించదు సార్. ఒక్క కాపీ ఆమె కూతురి చేతిలో పెట్టాను. మిగతావన్నీ ఈ పొద్దునే చెరిపేశాను. ఉద్యోగం పీకేస్తారా? పీకండి. కేసు పెడతారా? ఇవే మాటలు కోర్టులో ఇంకా గట్టిగా చెబుతాను. సాయంత్రం ఆటకి హాలు నిండిపోయిందట. తెర మీద భూమి పుడుతుంది, చంద్రుడు పుడతాడు. చెప్పేవాళ్ళే ఉండరు.

అది ఎలా ఉంటుందో ఇప్పుడే విందాం. అందరూ లేచి నిలబడండి. కాసేపు ఎవరూ నోరు విప్పొద్దు. సార్, మీరు కూడా. లేవండి.