తిమ్మప్ప మద్రాసుల వాయించిన తునకలు

గద్వాల టేసను ముంగట రాధమ్మ చాయ్ హోటల్ల సన్నాయి తిమ్మప్ప బల్ల మీద కాళ్లు ముడుసుకొని కూసున్నడంటే, పొయ్యేటోళ్లు గూడ ఆగుతరు. ఆ పొద్దు రైతు కురుమూర్తి బండి ఇప్పి మరీ కూసున్నడు. తిమ్మప్పకు జోడీగ డోలు కొట్టే మల్లన్న మూలకు చాయ్ ఊదుకుంట ఉన్నడు.

"నేను మద్రాసుకు ఊకెనే పోలే కురుమూర్తీ. గ్రామఫోను కంపెనోళ్లు పిలిస్తేనే వోయిన. ఆడొక దొర, మన తెలుగాయనే, కోటు దొడుక్కున్నడు. ఏమన్నడు? 'తిమ్మప్పా, మాకు పెద్ద కచేరీ వద్దు. చిన్న చిన్న తునకలు గావాలె. వానకొకటి, జోలకొకటి, పెండ్లికొకటి. ప్లేట్లల్ల నింపి బీరువల వెట్టుకుంటం. నాటకాలోళ్లు, సినిమాలోళ్లు ఎప్పుడు ఏ తునక అడిగితే గది తీసిస్తం' అన్నడు. సరే అన్న. ముందుగాల వాన తునక. ఇట్ల ఎత్తుకున్ననో లేదో, ఆయన కోటు మీద సుక్క వడ్డది."

"కప్పు కారిందేమో," అన్నది రాధమ్మ.

"కప్పు గట్టిదే వదినా! ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? బయట గొడుగులు అమ్ముకునేటోడు ఉరికొచ్చి నా కాళ్లకు మొక్కిండు. ఆగమంటే వాన ఆగదు. ఇంగ నేనే సన్నాయితోటి గాలి లోపలికి పీల్చిన. కురిసిన వాన మల్ల మొగులెక్కింది!"

"జర మా చేను కాడ గూడ ఒక తునక వాయించరాదే, జొన్న ఎండుతున్నది," అన్నడు కురుమూర్తి.

"మీ ఊరి చెరువు ఆగదు, తెగుతది. ఇను. రెండోది జోల. దొర నిద్రవోయిండు. మిషను తిప్పేటోడు నిద్రవోయిండు. మిషను గూడ గురక వెట్టింది. సడక్ మీద ట్రాము నడుసుకుంట నడుసుకుంటనే నిద్రవొయ్యి, సముద్రం ఒడ్డుకు వొయ్యి పండుకున్నది."

"మల్ల అందర్ని లేపిందెవరే?" అన్నడు కురుమూర్తి.

"పెండ్లి తునక వాయించి నేనే లేపిన! లేసినోడు లేసినట్లే పక్కోని కండువకు కొంగుముడేసిండు. పొద్దుమీకేసరికి కంపెనీ గుమాస్తాకు పిల్లనిస్తమని గేటు కాడ బారు గట్టిండ్రు. ఆఖరికి అప్పగింతల తునక. పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు వాయించేది. అబ్బబ్బ! దొర ఏడ్సిండు. మద్రాసు మద్రాసే ఏడ్సింది. ఆ కండ్లనీళ్లకు సముద్రం పొంగి కంపెనీ గడప కాడికొచ్చి, 'తిమ్మప్పా, ఇంగ సాలియ్యి నాయనా' అన్నది. ఇనలే. ప్లేటు నిండేదాంక నేను ఆగలే!"

మల్లన్న గిలాస కింద వెట్టిండు.

"ఆగినవ్ అన్నా."

"నువ్వేం జూసినవ్ లేరా, డోలు మీద తల వంచుకున్నోనివి."

"జూసిన. సగంల సన్నాయి ఆగింది. మనం వాయించేది మైనం మీద గీసుకుంటది గదా, నడుమ ఆపితే ఆ మైనమంత పాడు. నువ్వేమో సన్నాయి ఒళ్లె వెట్టుకొని నన్నడిగినవ్, 'మల్లిగా, మన జములమ్మ పొద్దుగాల ఏమన్న తిన్నదంటవా' అని. నీ బిడ్డను రాజోలిల అత్తగారింట్ల అప్పగించొచ్చినంకనే మనం రైలెక్కినం. నీ మాట ప్లేట్ల వడొద్దని నేను డోలు గట్టిగ కొట్టిన. నిండేదాంక ఒక్కన్నే కొట్టిన. ఆ బీరువల ఉన్న అప్పగింతల తునకల నీ సన్నాయి సగమే అన్నా, మిగిలిందంత నా డోలే. ఏడ్సింది గూడ మద్రాసు గాదు."

తిమ్మప్ప కండువతోటి ముక్కు తుడుసుకున్నడు.

"మల్ల తిన్నదానే బిడ్డ?" అని మెల్లగ అడిగిండు కురుమూర్తి.

"రైలు దిగి నేను ఇంటికి రాలే. సక్కగ రాజోలికే వోయిన. పొయ్యి ముంగట కూసొని రొట్టెలు జేస్తుండె. నన్ను జూసి లేసింది." తిమ్మప్ప కండువ మల్ల భుజం మీద ఏసుకున్నడు. "తిన్నది. నాకు గూడ వెట్టింది."