పాత సర్వర్ ఆపే రోజు

సైట్ కొత్త వెర్షన్లని జనంలోకి వదిలే పాత సర్వర్‌ని ఆ సాయంత్రం ఆపేయబోతున్నారు. కంపెనీలోని టీములన్నిటినీ కొత్త సిస్టమ్‌కి మార్చే పని ఆమెది. మధ్యాహ్నం ఆమె గదిలోకి అక్క మొగుడు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“ఇంకో వారం ఆగమ్మా. మా టీమ్ ఇంకా మారలేదు. పాతది ఆగిపోతే మా కొత్త వెర్షన్ బయటికెళ్లే దారే ఉండదు.”

“ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను బావా. ఈ కొత్త సిస్టమ్ నేను పొద్దుపోక కట్టుకున్న బొమ్మరిల్లని నవ్వారు.”

“తప్పే. ఏం చెయ్యమంటావో చెప్పు.”

“అప్పట్లో టెస్టులు పూర్తికాకుండానే కొత్త వెర్షన్ వదిలే బటన్ నొక్కి సైట్‌ని పడగొట్టింది ఎవరో అందరికీ చెప్పండి.”

“నేనేనని నీకు తెలుసుగా!”

“నాకు తెలుసు. వాళ్లకి మాత్రం మీరు నా పేరు చెప్పారు. పాత దాంట్లో అందరికీ ఒకటే పాస్‌వర్డ్ కాబట్టి నమ్మేశారు. నన్ను టీమ్ లీడ్ పదవి నుంచి తీసేశారు.”

“ఇప్పుడు చెప్తే నా పరువేం కాను?”

“నా పరువు పోయిన రోజు అక్కతో ఏమన్నారు?”

ఆయన నేలచూపులు చూశాడు. “నీకు దూకుడెక్కువని.”

ఆ మాట అక్క నోట విన్నప్పటి కడుపుమంట ఆమెకింకా చల్లారలేదు.

“సరే, చెప్తాను. మా వాళ్లని మాత్రం ముంచకు.”

“వాళ్లని నిన్ననే మార్చేశాను. పాపం, వాళ్లేం చేశారు? కొత్త దాంట్లో ఎవరి పేరుతో వాళ్లే నొక్కాలి. అందరి పేర్లూ ఎక్కించాను, ఒక్క మీది తప్ప.”

“నేను వాళ్ల మేనేజర్ని!”

“అందుకే మీ పేరెందుకు లేదని పైవాళ్లు అడిగారు. మీరే వచ్చి చెప్తారన్నాను. పక్క గదిలో కూర్చున్నారు, పదండి.”