ఏడో నంబరు సీసా

నా పేరు, చిరునామా మీరు పైన రాసుకున్నారు. వయసు యాభై ఏడు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో స్టోరు చూసుకుంటాను. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు.

ఏడో నంబరు సీసా తీసింది నేనే. రీసెర్చి చేసే అమ్మాయి కాదు. సీసా ఆ అమ్మాయే తీసిందనుకుని, ల్యాబులోకి రానివ్వడం లేదని నిన్న తెలిసింది. అందుకే ఈరోజు పన్నెండున్నరకి నా అంతట నేనే స్టేషనుకి వచ్చాను.

సీసాలో ఉన్నది నియోడిమియం ఉప్పు, నలభై గ్రాములు. మా ప్రొఫెసర్ మేడం శుద్ధి చేసిన ఉప్పు అది. నియోడిమియం, ప్రెసియోడిమియం కవలల్లాంటివి, ఓ పట్టాన విడిపోవు. ద్రావకం పోసి కుదపడం, పొరలు తేరాక కింది పొర వేరుచేయడం, మళ్లీ మొదలు. అలా పదకొండేళ్లు. సగం కుదిపింది నేనే. వచ్చిన వాటిలో ఏడో సీసాయే బాగా శుద్ధమైంది.

మేడం పాఠం చెబుతుంటే సామాను అందించడానికి తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. "వీటిని అరుదైన మూలకాలంటారు గానీ, మట్టిలో బాగానే ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడమే చావు" అనేవారు. పిల్లలు నవ్వేవాళ్లు. ప్రతి ఏడూ అక్కడే నవ్వేవాళ్లు. నాకూ బెంచీ మీద కూర్చోవాలని ఉండేది. ఎప్పుడూ అడగలేదు.

మేడం రిటైరై నాలుగేళ్లు. మతిమరుపు జబ్బు. చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. పోయిన నెల ఆ చెల్లెలుగారు ఫోన్ చేశారు.

"అక్క ఎవర్నీ గుర్తుపట్టడం లేదండీ. రోజూ ఏడో నంబరు, ఏడో నంబరు అంటోంది. మీకేమన్నా తెలుసా?"

ఒక్క పూటకి సీసా ఇమ్మని హెడ్ గారిని అడిగాను. రెండుసార్లు అడిగాను. రూల్సు ఒప్పుకోవన్నారు.

పన్నెండో తారీఖు, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి స్టోరు తెరిచాను. అన్నం కాగితంలోకి తీసేసి, సీసాని క్యారేజీలో పెట్టుకున్నాను. రెండింటికి వాళ్లింట్లో ఉన్నాను.

మేడం నన్ను గుర్తుపట్టలేదు. సీసాని గుర్తుపట్టారు. కిటికీ ఎండలో పెట్టారు, లేత ఊదా రంగు. ట్యూబులైటు కిందికి తెచ్చారు, లేత నీలం.

"ఏం మారింది బాబూ?"

"వెలుగు, మేడం."

"ఉప్పు?"

"మారలేదండీ."

"ఏ బ్యాచి నువ్వు?"

నా నెత్తి చూస్తున్నారుగా, ముగ్గుబుట్టయింది. "మొదటి ఏడాదండీ" అన్నాను.

"మరి నిలబడ్డావేం? కూర్చో."

కూర్చున్నాను. నలభై నిమిషాలు చెప్పారు. ఒక్క తప్పు లేదు. చెల్లెలుగారు గుమ్మంలో నిలబడి ఏడ్చారు. సీసా ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. "మిగతాది రేపు. ఆలస్యం చేయకు" అన్నారు. ఒక పూట సెలవు పెట్టి మర్నాడు వెళ్లాను. తొమ్మిది రోజులు వెళ్లాను. రోజూ మొదటి పాఠమే.

సీసా మేడం కిటికీలోనే ఉంది. తప్పు నాది. ఆ అమ్మాయి తప్పు లేదని కాగితం మీద రాసివ్వండి.

ఇప్పుడు ఒంటిగంటన్నర అయింది. రెండింటికి మేడం హాజరు వేస్తారు. నన్ను ఉంచేట్టయితే ముందే చెప్పండి సార్, ఈరోజు క్లాసుకి రాలేనని ఫోన్ చేసుకుంటాను.

ఇది నేను చెప్పగా రాసి, నాకు చదివి వినిపించారు. నేనన్న మాటలే ఉన్నాయి, అన్నీ నిజం. ఎవరి ఒత్తిడీ లేదు.

(సంతకం)
స్టోర్ కీపర్