తోకరెక్క మీద గాటు

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలో ఒక చిన్న రేవు. మార్చి నెల, ఆదివారం మధ్యాహ్నం. పెద్ద సముద్రపు రొయ్యల్లాంటి లాబ్‌స్టర్ల వేట లైసెన్సు పోయి ఏడాదిగా ఒడ్డునే ఉన్న థర్లో, తన షెడ్డులో నీళ్లలో వేట బోనులెక్కడున్నాయో చూపే గుర్తుదిమ్మలకు రంగు వేస్తున్నాడు. ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే చెల్లెలు లోవినా, మర్నాడు ఊరి సభలో చదవబోయే మాటలు అతనికి వినిపిస్తోంది.

"... 'డాక్టర్ హార్ట్‌విగ్ మన రేవులో చదువు పేరుతో చేసింది చదువు కాదు, చేటు.' ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుందనే. ఆ తలుపు వెయ్యి, చలిగాలికి రంగు ఆరి చావదు."

"ఏడాదిగా పళ్లు నూరుకుంటూ రాసుకున్నానన్నయ్యా. నువ్వేమో రంగు ఆరదంటావు."

"వదిలెయ్యవే లోవీ. వచ్చే నెల లైసెన్సు తిరిగొస్తుంది. మళ్లీ నీళ్లలోకి దిగుతాను. అయిపోయింది."

"అవలేదు. రేవులో వాడి పరిశోధన ల్యాబ్ లీజు రేపు సభలో ఊరి చేతుల్లో ఉంది. జనం చేతులెత్తారా, ఉంటుంది. ఎత్తకపోతే మూటాముల్లె సర్దుకుని ఒహాయో పోతాడు. పుట్టి బుద్ధెరిగి ఉప్పునీళ్ల మొహం చూడనివాడు మనకి లాబ్‌స్టర్ల పాఠం చెబుతాడా!"

"మరి నీ స్కూలు పిల్లల సీట్లో? వేసవి శిబిరానికి నలుగుర్నీ, నిన్నూ రమ్మన్నాడంటగా."

"రమ్మన్నాడు. టీచరూ పిల్లలూ కలిసి వేసవంతా ల్యాబ్‌లోనే. చూసి రావడం కాదు, సొంతంగా పరిశోధన చెయ్యడం. మన స్కూలుకి ఇదే మొదటిసారి. జవాబు రేపటిలోగా చెప్పాలి."

"ఆ నలుగుర్లో కోరా ఏమంది?"

"ఏడ్చింది. మీ పెద్దాళ్ల పగకి మేమెందుకు టీచర్ అంది."

"పిల్ల సరిగ్గానే అంది."

"నాకు తెలీదనుకున్నావా? నేను కాలేజీలో మైక్రోస్కోపు ముట్టుకోవాలంటే చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. విరగ్గొడితే నాన్న బోనులమ్ముకోవాలేమోనని. ఆ బెదురు నా పిల్లలకి ఉండకూడదని ఎన్నేళ్లు కాచుక్కూచున్నానో! అలాంటిదాన్ని, నోటిదాకా వచ్చింది వద్దంటున్నానంటే ఎవరికోసం?"

"నేనడిగానా?"

"అడగాలేంటి? లైసెన్సు పోయిందని చర్చిలో నీకోసం బీన్స్ భోజనాలు పెట్టి చందాలు పోగేశారు. నువ్వు ఓ మూల కూచుని, తలెత్తకుండా పళ్లెంలోకే చూస్తున్నావు. నాన్న కొడుకు అలా కూచోవడం నేను చూడాల్సొచ్చింది. ఆ పూటే ఒట్టేసుకున్నాను."

"పళ్లెంలో బీన్స్ ఉన్నాయి, చూశాను. దానికి ఒట్లెందుకు?"

"హాస్యాలాడకు. రెండో పేరా విను. 'గుడ్లున్న ఆడ లాబ్‌స్టర్‌ని పడితే దాని కుడి తోకరెక్క మీద గాటు పెట్టి నీళ్లలోకి వదులుతాం. గాటున్నది గుడ్లు లేనప్పుడు దొరికినా సరే, మళ్లీ వదలాల్సిందే. అది తల్లి. ఆకలేసిన ఏడు కూడా మన తాతలు ఆ మాట తప్పలేదు. హార్ట్‌విగ్ ఆ గాటు ఉండే చోటునే కత్తిరించాడు. ఆ చోటు కత్తిరించినవాడు ఈ రేవు నోట్లో మట్టి కొట్టాడు. అలాంటివాడికి ఇక్కడ పడవ కట్టుకునే హక్కు లేదు.'"

"... కాస్త ఘాటుగా లేదూ?"

"ఘాటుగానే ఉండాలి."

"పాపం, తెలీక చేశాడే. నేను అమ్మబోయిన సరుకులో తోకరెక్కలు తెగినవి పట్టుకున్న సముద్రపు గస్తీ ఆఫీసరు ముందు తనే ఒప్పుకున్నాడుగా. పరిశోధన కోసం కత్తిరించింది నేనే, అది గాటు పెట్టే చోటని నాకు తెలీదు అని."

"నీకు వాడి మీద జాలేంటి?"

"జాలని కాదు. వాడలా చెప్పబట్టి కదా ఏడాదితో పోయింది. గాటు చెరపడానికి నేనే కోశాననుకుంటే జన్మలో లైసెన్సు రాదు."

"చెయ్యని తప్పుకి ఏడాది మాత్రం ఎందుకు పోవాలి? తెలీక అంటున్నావు చూడు, అక్కడే నువ్వు అమాయకుడివి. తెలీక కాదు. కావాలనే చేశాడు. నా దగ్గర రుజువుంది."

"రుజువా? ఏం రుజువు?"

"మొన్న శనివారం టీచర్లకి శిక్షణ పెట్టాడు ల్యాబ్‌లో. వెళ్లాను."

"నువ్వా? వాడి గడప తొక్కనన్నావుగా!"

"శత్రువు ఇంట్లోకి వెళ్లకపోతే గుట్టెలా తెలుస్తుంది? మా చేత కూడా చేయించాడు. లాబ్‌స్టర్‌ని వెల్లకిలా పట్టుకుని, పొట్ట కింద ఉండే చిన్న తెడ్డురెక్కల్లో ఒకదాని కొస, గోరంత తుంచాలి. అందులోంచి ఏది ఎవరి సంతానమో తెలుస్తుంది. తుంచేశాక మామూలుగా అమ్ముకోవచ్చు. తోక జోలికే పోనక్కర్లేదు."

"ఇప్పుడు నేర్చుకునుంటాడు. నావి పాడు చేశాక."

"అదే నేనూ అనుకున్నాను. అక్కడ పనిచేసే అమ్మాయిని కదిపాను. పోయినేడు కూడా అంతేనట. మన రేవులో ఏ పడవ వాళ్లవి తీసుకున్నా పొట్ట కిందే తుంచాడట. తోకరెక్క కోసింది ఒక్క నీ సరుక్కే!"

"ఆ రంగు డబ్బా ఇటు జరుపు."

"విన్నావా? ఒక్క నీ సరుక్కే! అంటే ఏంటి? దానికి ముందే నేను వాడితో సభలో గొడవపడ్డాను. ప్రైవేటు స్కూళ్లకే సీట్లిస్తావా అని నలుగుర్లో నిలదీశాను. ఆ కసి నీ మీద తీర్చుకున్నాడు. రేపు ఇదే చెబుతాను. నువ్వు నా పక్కన నిలబడి అవును అను, చాలు."

"నేను రాను."

"రావా?"

"జనంలో నిలబడ్డం నాకు చేతకాదు. నీకు తెలుసుగా."

"నోరు తెరవక్కర్లేదు, తలూపు. సరే, వాడు తిరిగి ప్రశ్నలేస్తాడు, ముందే సిద్ధంగా ఉండాలి. ఎక్కడ కోశాడు? ల్యాబ్‌లోనా?"

"నా పడవ మీదే."

"నువ్వున్నావా?"

"పక్కనే... అంటే, అక్కడే ఉన్నాను."

"కోసేటప్పుడు లాబ్‌స్టర్లని ఎవరు పట్టుకున్నారు?"

"వాడికేం చేతనవును? నేనే పట్టుకున్నాను."

"నువ్వు పట్టుకుంటే వాడు కోశాడు."

"ఊఁ."

"కుడి తోకరెక్క."

"ఊఁ."

"మరి నువ్వు ఆగమనలేదా?"

"చూడలేదు. అటు... గాలి ఎక్కువగా ఉందారోజు. పడవ కొట్టుకుపోతోంటే అటు చూస్తున్నాను."

"ప్రతిదానికీ అటే చూశావా?"

"గాలి ఎక్కువే అన్నానుగా!"

"కసురుకోకు. వాడడుగుతాడు కాబట్టి అడుగుతున్నాను. అన్నీ ఆడవేనా?"

"గుర్తులేదు."

"గస్తీ ఆఫీసరు అన్నీ ఆడవే అన్నాడు. పెద్దవీ. ఒక్క మగది కూడా లేదన్నాడు. ఇద్దరం నాన్న పడవ మీదే పెరిగాంగా. ఏ బోను తీసినా ఆడామగా కలిసే వస్తాయి. ఒక్క మగదైనా లేకుండా ఎలా వచ్చింది నీ సరుకు?"

"ఆడవి కావాలన్నాడేమో."

"తక్కినవాళ్లని అలా అడగలేదే."

"నాకేం తెలుసు! టీచరమ్మవి కదా, పరీక్ష పెడుతున్నావా?"

"అన్నయ్యా, ఆ కుంచె కింద పెట్టు."

"రంగు గడ్డకడుతుంది."

"కట్టనీ. నా కళ్లలోకి చూడు. ఇక్కడ కొయ్యండి, దీనికి నొప్పుండదు అని ఎవరు చెప్పారు ఆయనకి?"

"... 'ఆయన' అయిపోయాడేం అప్పుడే?"

"ఎవరు చెప్పారు?"

"ఆ ఏడు ఎలా ఉందో నీకు తెలీదు లోవీ. నువ్వు వెచ్చని గదిలో పాఠాలు చెప్పుకుంటున్నావు. పగలంతా లాగితే అన్నీ ఖాళీ బోనులు. వచ్చేవల్లా ఆ గాటు పెట్టినవే, పెద్దపెద్దవి, బోనులో తిష్ట వేసుకుని నా ఎర తింటూ. తీయడం, వదలడం. తీయడం, వదలడం. ఎన్నాళ్లని?"

"నాన్న ఎన్నాళ్లు వదిలాడు?"

"నాన్న పేరెత్తకు."

"నువ్వు దాచిపెట్టిన తల్లుల్ని ఆయన చేతికిచ్చావు. సముద్రం తెలీని మనిషి కత్తెరతో గాట్లు చెరిపించావు. దొరికిపోయాక నోరు మూసుకున్నావు. ఆయన తప్పు తనదే అనుకుంటున్నాడన్నయ్యా, ఇప్పటికీ! ఈ సీట్లు ఎందుకిచ్చాడో తెలుసా? మీ అన్నయ్యకి చేసిన నష్టం తీర్చలేను, కనీసం మీ పిల్లలకి ఇది చెయ్యనివ్వండి అన్నాడు. నేను మొహం మీద తలుపేశాను."

"అయితే ఇంకేం! సీట్లు తీసుకో. కోరా నవ్వుతుంది. వాడి లీజు వాడికుంటుంది, నా పడవ నాకుంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ కాగితం పొయ్యిలో పడెయ్యి."

"సీట్లు తీసుకుంటాను. ఇక్కణ్ణించి నేరుగా ఆయన దగ్గరికే వెళ్తున్నాను."

"అదీ నా చెల్లెలంటే! నాకు తెలుసే, నువ్వు నన్ను..."

"కాగితం మాత్రం పొయ్యిలో పడదు."

"ఏమంటున్నావే? తోడబుట్టినవాణ్ణి. రేపు సభ ఉంది, ఊరంతా వస్తుంది..."

"రావాలి. మొదటి పేరా కొట్టేసి రెండోది చదువుతాను. హార్ట్‌విగ్ అన్నచోట నీ పేరు పెట్టుకుంటే చాలు, ఇంకొక్క మాట మార్చక్కర్లేదు."