ఎదురు దుకాణం మీద పడ్డ గుర్తు

అధ్యక్షస్థానంలో ఉన్న బట్టల కొట్టు యజమానిగారికి, ఆయన పక్కన ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్న నేటితో పని విరమిస్తున్న సన్మానితులు మెకానిక్ అన్నగారికి, మొదటి వరసలోని వదినగారికి, వీధి వర్తక మిత్రులకు, టైలర్లందరికీ నమస్కారం. నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఈయనకు సరిగ్గా ఎదురుగా నేనూ కుట్టుమిషన్ల రిపేరు దుకాణమే పెట్టుకుని కూర్చున్నాను. అలాంటివాడి నోట ఈయన గురించి మంచి మాట వస్తుందని ఎవరికి తోచిందో గానీ, వాళ్ళ ధైర్యానికి ముందుగా నా అభినందనలు. (నవ్వులు)

ఈయన పనితనం గురించి నేను చెప్పక్కర్లేదు. మిషను చప్పుడు వింటే చాలు, ఏ స్క్రూ వదులైందో చెప్పేస్తారు. కోపం గురించి అసలే చెప్పక్కర్లేదు. నూనె వేయకుండా మిషను ఎండబెట్టి తెచ్చినవాళ్ళకి ఈయన పెట్టే చీవాట్లు నా దుకాణంలో కూర్చుంటే పూర్తిగా వినిపించేవి. అక్కడ లేడీస్ టైలరుగారు తల దించుకున్నారు, ఆవిడకి బాగా అనుభవం.

రెండేళ్ళ కిందట జనం దుకాణాల్ని కళ్ళతో వెతకడం మానేసి ఫోనుతో వెతకడం మొదలుపెట్టారు. మా ఇద్దరి బోర్డుల మధ్యే నిలబడి, ‘దగ్గర్లో కుట్టుమిషన్ రిపేరు’ అని ఫోనులో కొట్టి, అది ఎక్కడో ఆరు కిలోమీటర్ల అవతల దుకాణం చూపిస్తే మిషను మోసుకుంటూ అక్కడికి బయల్దేరేవాళ్ళు. ఇది చూసి చూసి అన్నగారి అమ్మాయి ఒక ఆదివారం నడుం బిగించింది. ఫోటో, ఫోన్ నంబరు, పని వేళలు అన్నీ ఫోను మ్యాపులోకి ఎక్కించాలంది. పని వేళల దగ్గరే తండ్రీకూతుళ్ళకి అరగంట తగాదా, ‘పని ఉన్నంతసేపూ’ అని రాయమంటారు ఈయన. సరే, ఫోటో. బోర్డు పెద్దది, వీధి ఇరుకు. బోర్డంతా ఫోటోలో పడాలంటే నా గుమ్మంలో నిలబడాలి. అమ్మాయి మొహమాటపడుతుంటే నేనే స్టూలు వేశాను. స్టూలెక్కి ఫోటో తీసి, దాని మీదే నిలబడి వివరాలన్నీ నింపి, ‘మీ దుకాణం ఇక్కడేనా?’ అని ఫోను అడిగితే అవునని నొక్కేసింది. పేరు ఆయనది, బొమ్మ ఆయనది, మ్యాపులో ఎర్ర గుర్తు మాత్రం నా గుమ్మం మీద. (నవ్వులు)

అప్పటికి నా దుకాణంలోకి మూడు వారాలుగా ఒక్క మిషనూ రాలేదు. దుకాణం అద్దెకిస్తామని బోర్డు రాయించి బల్ల కింద దాచాను, ఆ సంగతి మా ఆవిడకి కూడా ఇప్పుడే తెలుస్తోంది. ఆ సోమవారం ఒకావిడ ఫోను చూసుకుంటూ, మిషను పట్టుకుని నా మెట్లెక్కింది. మిషన్లు బాగుచేసేది ఇక్కడేనా అంది. ఇక్కడేనన్నాను. అందులో అబద్ధమేముంది చెప్పండి? ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు, అలా నాలుగు నెలలు. వెనక్కి తిరిగితే ఈయన బోర్డు కనిపిస్తుంది, కానీ ఫోన్ని నమ్ముకున్నవాళ్ళు వెనక్కి తిరగరు. నేను అబద్ధమాడలేదు, నోరు మూసుకున్నానంతే.

వచ్చినవాళ్ళు ఊరికే పోక ఫోనులో అభిప్రాయాలు రాశారు. అవన్నీ ఈయన పేరు కింద పడ్డాయి. ‘మెకానిక్ గారు ఎంతో శాంతమూర్తి.’ ‘చిరునవ్వుతో మాట్లాడతారు.’ ‘కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు.’ అమ్మాయి మురిసిపోతూ ఇంట్లో పైకి చదివితే, వదినగారు కూర తరగడం ఆపి, ‘ఇది మీ నాన్న కాదే’ అన్నారట. (పెద్దగా నవ్వులు)

అలా బయటపడింది. గుర్తు ఎక్కడుందో చూసి అమ్మాయి అప్పుడే సరిచేయబోతే, ఈయన ఉండనీ అన్నారట. నాతో మాత్రం ఒక్క మాటా లేదు. ఇంకో నెల గడిచాక, నేను బాగుచేసిన ఒక మిషను మర్నాడే మొరాయించింది. ఆ మిషను తాలూకు ఆవిడ ఒక్క స్టారు పడేసి, వీళ్ళ దగ్గరికి వెళ్ళకండని రాసి, అది చాలక అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి ఈయన్ని దులిపేసింది. ముప్పై తొమ్మిదేళ్ళలో ఈయన పేరు మీద పడ్డ మొదటి మచ్చ, అది నా చేతి పని. ఆ పని తనది కాదని ఈయన అనలేదు. అడ్రసు రాసుకుని, సంచీ తగిలించుకుని వెళ్ళి, నేను వంకరగా బిగించిన షటిల్ సరిచేసి, తప్పు మాదేనమ్మా అని చెప్పి, తిన్నగా నా దుకాణానికి వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను.

‘కళ్ళు చూపించుకున్నావా?’ అన్నారు.

‘లేదన్నయ్యా.’

‘చూపించుకో. కనబడక చేత్తో తడిమి బిగిస్తున్నావు.’

అంతే. నాకు అద్దాలు వచ్చాక, అమ్మాయిని పంపి నా దుకాణాన్ని కూడా ఫోనులోకి ఎక్కించారు. నా బోర్డు ఫోటో కోసం ఆ పిల్ల వాళ్ళ గుమ్మంలో నిలబడితే, ‘బొమ్మ తీసుకో, వివరాలు మాత్రం అవతలికి పోయి నింపు’ అని గదిమారు. (నవ్వులు) అదే రోజు ఈయన గుర్తు ఈయన గుమ్మానికి చేరింది. ఆ వారం నుంచే అభిప్రాయాలు మారాయి: ‘పని బ్రహ్మాండం, తిట్లు ఉచితం.’

తెలిసీ నెలరోజులు ఎందుకు ఊరుకున్నారని ఒకసారి అడిగాను. నువ్వు ఖాళీగా కూర్చుంటే నాకెదురుగా కనిపించేదయ్యా, చూడలేకపోయేవాణ్ణి అన్నారు.

ఈ సంగతి సభలో ఎత్తొద్దని నిన్న కూడా హెచ్చరించారు. ఇప్పుడు నావైపు ఎలా చూస్తున్నారో మీరే చూడండి. అన్నయ్యా, నాలుగు నెలలు మీ గిరాకీ తిని నోరు విప్పలేదు. నన్ను క్షమించండి. ఒంటరిగా అడిగితే నూనెడబ్బా విసురుతారని ఇంతమంది మధ్య అడుగుతున్నాను.

ఇవాళ పొద్దున అమ్మాయి మీ దుకాణం పేరు కింద ‘శాశ్వతంగా మూసివేశారు’ అని నొక్కింది. రేపట్నుంచి ఎవరు వెతికినా మొదట నా దుకాణమే వస్తుంది. దానికోసం నేను పడని పాట్లు లేవు. ఫోటోలు మార్చాను, వేళలు దిద్దాను, తిట్టినవాళ్ళకి కూడా ధన్యవాదాలు రాశాను. ఎప్పుడు చూసినా మీ కిందే ఉన్నాను. రేపు పైకొస్తాను, నా పనితనం వల్ల కాదు, మీరు లేకపోవడం వల్ల. ఆ మొదటి స్థానం నాకొద్దన్నయ్యా.

ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. సెలవు.